పెరట్లో కొలిమి పెట్టాలనుకునేవాళ్లకు వేడి లెక్క

హన్మకొండలో మా ఇంటి వెనక రేకుల కింద ఒక చిన్న కొలిమి ఉంది. నా ఉద్యోగం వేరు, ఇది ఆదివారం పొద్దుటి పని. వీడియోలు చూసి ఆసక్తి పుట్టినవాళ్లు, ఎక్కువగా కాలేజీ పిల్లలు, చూడటానికి వస్తుంటారు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, ఏమేం కొనాలి?"

జాబితా చెప్పడం తేలికే. కానీ జాబితా పట్టుకుని కొన్నవాళ్లలో చాలామంది రెండు నెలల్లో ఆపేశారు. ఒకరు గ్యాస్ కొలిమి తెచ్చుకున్నారు, దానికి తగిన రెగ్యులేటర్ లేదు. ఇంకొకరు బరువైన దాగలి (కాగిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ) సంపాదించి కొలిమికి పది అడుగుల దూరంలో పెట్టారు. మరొకరు మూడు వారాలు కష్టపడి ఇల్లు కట్టే సలాకతో కత్తి చేశారు, ఎంత సాన పట్టినా దానికి పదును నిలవలేదు. వీళ్లంతా శ్రద్ధగా పని చేసినవాళ్లే. అసలు చిక్కు ఏమిటంటే, ఇందులో ప్రతి నిర్ణయం ఇంకోదానితో ముడిపడి ఉంటుంది. ఏ బొగ్గు వాడాలో స్థలాన్ని బట్టి ఉంటుంది, స్థలం పక్కింటివాళ్లను బట్టి ఉంటుంది, పనిముట్లు ఇనుమును బట్టి ఉంటాయి. ఈ చిక్కుముడికి నాకు దొరికిన కొస వేడి. అది ఎక్కడ పుడుతుంది, ఇనుములో ఎంతసేపు నిలుస్తుంది, ఎలా బయటికి పోతుంది, పోతూ ఇనుమును ఏం చేస్తుంది, మన ఒంటిని ఏం చేస్తుంది? ఈ వరసలో ఆలోచిస్తే ఏం కొనాలో, ఏది అక్కర్లేదో దానంతటదే తేలుతుంది.

పరకాల వైపు ఒక కొలిమి

నేను నేర్చుకున్నది పరకాల వైపు ఒక ఊళ్లో, డెబ్బై దాటిన కమ్మరి తాత దగ్గర. ఆయన సామాను చాలా తక్కువ. నేలలో చిన్న గుంట, దాని చుట్టూ పుట్టమన్నుతో పూసిన గట్టు, ఒకప్పటి తోలు తిత్తి స్థానంలో చేత్తో తిప్పే బ్లోయర్. తుమ్మ మొద్దులో దిగ్గొట్టిన దాగలి ఉంది, దాని ముఖం అరచేతిని మించదు. రెండు సుత్తులు, ఒక సమ్మెట, నాలుగైదు పటకార్లు, ఒక నీళ్ల తొట్టి. వీటితోనే ఆయన జీవితమంతా నాగలి కర్రులు సాగదీశాడు, గుంటుక పాసలు (గుంటుక కింది ఇనుప పట్టీలు) కొట్టాడు, కొడవళ్లకు కక్కులు పెట్టాడు. ట్రాక్టర్లు వచ్చాక కర్రుల పని పోయింది. ఇప్పుడు గడ్డపారలకు మొన తీయడం, గొడ్డళ్లు, రాయి కొట్టేవాళ్ల ఉలులు మిగిలాయి.

మొదటి రోజు ఆయన నన్ను సుత్తి పట్టనివ్వలేదు. బ్లోయర్ తిప్పమని, కళ్లు నిప్పుల మీదే ఉంచమని కూర్చోబెట్టాడు. "రంగు సూడు బిడ్డా. రంగు పోయినంక కొట్టకు, ఇనుము లోపల ఇరుగుతది" అన్నాడు. తర్వాత నేను చదివిన లోహశాస్త్రం పుస్తకాలన్నీ ఆ మాటకు వివరణలే అనిపించాయి.

ఈ చూపుకు మన ప్రాంతంలో చాలా పాత చరిత్ర ఉంది. నిర్మల్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో పాత కొలుముల ఇనుప చిట్టెం (ఇనుము తీశాక మిగిలే మడ్డి) కుప్పలు ఇప్పటికీ దొరుకుతాయి. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో, అంటే చిన్న మట్టి పాత్రల్లో, ఉక్కు కరిగించేవారు. దేశాన్ని కొలిచిన బ్రిటిష్ సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయ్సీ 1820ల మొదట్లో అక్కడికి వెళ్లి ఆ తయారీని చూసి రాసిపెట్టాడు. ఆ రాత 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడి ప్రస్తావన కూడా అందులో ఉంది. తెలుగు, కన్నడ భాషల్లోని 'ఉక్కు' అన్న మాటే యూరప్ రాతల్లో 'వూట్జ్' అయిందని పండితులు ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఆ ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండేది. లండన్‌లో మైకేల్ ఫారడే 1819 నుంచి కొన్నేళ్లపాటు దాని మీద ప్రయోగాలు చేశాడు. యూరప్ కమ్మరులు తమ మెత్తటి ఇనుమును కాచినట్టే దాన్నీ తెల్లగా కాచి కొడితే సుత్తి కింద ముక్కలయ్యేది. తక్కువ వేడి మీద, ఇరుకైన హద్దుల మధ్య, ఓపిగ్గా కొడితేనే అది లొంగుతుంది. అంటే ఒకే లోహం, ఒకే సుత్తి, వేడి ఒక్కటే తేడా. తాత నన్ను రోజంతా రంగు చూడమని ఎందుకు కూర్చోబెట్టాడో ఈ సంగతి చదివాక ఇంకా బాగా అర్థమైంది.

రంగులు, వాటి వెనక జరిగేది

అరిసెల పాకం పట్టేవాళ్లు థర్మామీటర్ పెట్టరు. పాకం చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో నలిపి, ఉండ అయిందో లేదో చూస్తారు. కొలిమి దగ్గర ఆ పని కన్ను చేస్తుంది. నేను పెట్టుకున్న గుర్తులు ఇవి. 600 డిగ్రీల దగ్గర ఇనుము చీకట్లో మాత్రమే ఎర్రగా కనిపిస్తుంది. 750 నుంచి 800 మధ్య దానిమ్మ గింజ ఎరుపు. 900 దాటాక మోదుగు పువ్వు. 1050, 1100 దగ్గర గుమ్మడి పువ్వు పసుపు. మెత్తటి ఇనుమును సాగదీయడానికి మోదుగు పువ్వు నుంచి గుమ్మడి పువ్వు దాకా మంచి వేళ. దానిమ్మ ఎరుపు కంటే కిందికి దిగితే ఆపి మళ్లీ నిప్పుల్లో పెట్టాలి. పసుపు దాటి తెల్లబడి, కాకరపువ్వొత్తిలా రవ్వలు చిమ్మడం మొదలైతే ఇనుమే కాలిపోతోందని అర్థం. కాలిన ముక్కను తిరిగి బాగుచేయలేం, ఆ కొస కోసి పారేయాల్సిందే.

లోపల జరిగేది ఇదీ. మామూలు వేడిలో ఇనుము అణువులు ఒక అమరికలో ఉంటాయి. 727 డిగ్రీలు దాటాక ఉక్కులో ఆ అమరిక మారడం మొదలవుతుంది. కొత్త అమరికలో కార్బన్‌కు చోటు ఎక్కువ, అది ఇనుములో కరిగిపోతుంది. నెమ్మదిగా చల్లారనిస్తే కార్బన్ బయటికి వచ్చి తన చోటు తాను చూసుకుంటుంది, ఉక్కు మెత్తగా ఉంటుంది. ఒక్కసారిగా ముంచితే బయటికి వచ్చే సమయం దొరకదు. మేడారం జాతర బస్సులో తలుపు మూశాక ఎటూ కదల్లేక నిలబడ్డ జనంలా కార్బన్ అణువులు లోపలే ఇరుక్కుపోతాయి. ఆ బిగువే ఉక్కు గట్టిదనం. దాంతోపాటే గాజులాంటి పెళుసుదనమూ వస్తుంది. అందుకే ముంచాక మళ్లీ కొద్దిపాటి వేడి చూపించి ఆ బిగువును కాస్త సడలించాలి.

ముంచాల్సిన వేడి కొత్తవాళ్ల కంటికి వెంటనే చిక్కదు. దానికి ఒక సులువు ఉంది. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని తీగకు కట్టి కొలిమి పక్కన వేలాడదీయండి. ముక్క తీసి తాకించి చూడండి. అంటుకోని స్థితి వచ్చాక ఇంకొంచెం, రంగు ఒక మెట్టు పెరిగేదాకా కాచితే కత్తులకు పనికొచ్చే చాలా రకాల ఉక్కుకు అదే ముంచే వేళ. ఇలా నాలుగైదుసార్లు చేస్తే కంటికి ఆ రంగు అలవాటైపోతుంది, తర్వాత అయస్కాంతం అవసరం తగ్గుతుంది.

తుక్కు సామానులో ఏది ఏమిటి

ఇప్పుడు సలాకతో కత్తి చేసిన తమ్ముడి కథకు వద్దాం. కార్బన్ లేనిచోట ఇరుక్కోవడానికి ఏమీ ఉండదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మెత్తటి ఉక్కు) రాడ్డు, పట్టీల్లో కార్బన్ పావు శాతం కంటే తక్కువ. వాటిని ఎంత కాచి ఎన్నిసార్లు ముంచినా కత్తి కాదు. కానీ కొక్కేలు, గొళ్లేలు, పటకార్లు, కిటికీ చువ్వల అలంకారాలు చేయడానికి అంత మంచి ఇనుము ఇంకోటి లేదు. తప్పులు మన్నిస్తుంది, ఎన్నిసార్లు కాచినా ఏమీ అనుకోదు. మొదటి ఆరు నెలలు దీన్ని దాటి వెళ్లవద్దనే చెబుతాను.

ఇల్లు కట్టే టీఎంటీ సలాక సంగతి వేరు. మిల్లులోంచి ఎర్రగా వచ్చే సలాక మీద బలంగా నీళ్లు కొడతారు. పైపొర గట్టిపడుతుంది, లోపల మిగిలిన వేడి ఆ పొరను తిరిగి కాస్త సడలిస్తుంది. దాని బలంలో పెద్ద భాగం ఆ నీళ్ల మహిమే. మనం దాన్ని మళ్లీ ఎర్రగా కాచామంటే ఆ పని అంతా చెరిగిపోతుంది. ఈ సందర్భంలోనే ఒక మాట చెప్పాలి. ఇళ్లు కట్టేచోట సలాక వంగడం లేదని మంటతో కాచి వంచడం నేను చూశాను. అలా చేస్తే ఆ వంపు దగ్గర పిల్లర్ బలం తగ్గుతుంది. దయచేసి చేయకండి, చేస్తుంటే ఆపండి.

కత్తి, ఉలి, గొడ్డలి చేయాలంటే కార్బన్ ఉన్న ఉక్కు కావాలి. వరంగల్ ఆటోనగర్‌లో లారీల కమాన్ పట్టీలు మార్చే షెడ్ల దగ్గర విరిగిన పట్టీలు తూకానికి దొరుకుతాయి. వాటిలో కార్బన్ అర శాతానికి పైన ఉంటుంది, దెబ్బకు ఓర్చుకునే గుణం ఉంటుంది. పాత మంచి ఆకురాళ్లలో (ఇనుమును అరగదీసే ఫైళ్లలో) ఒక శాతం దాటి ఉంటుంది. బాల్ బేరింగుల్లోనూ ఒక శాతం దాకా ఉంటుంది, దానితోపాటు క్రోమియం ఉండటంతో సుత్తికి మొండికేస్తుంది. తుక్కులో దొరికేది ఏ రకమో ఎవరూ రాసి ఇవ్వరు కాబట్టి గ్రైండర్‌కు ఆనించి రవ్వలు చూడాలి. మెత్తటి ఇనుము రవ్వలు పొడవుగా, నేరుగా, గీతల్లా పోతాయి. కార్బన్ పెరిగేకొద్దీ రవ్వలు చివర్లో చిట్లి పూలలా విచ్చుకుంటాయి. తెలిసిన ముక్కలు నాలుగు పక్కన పెట్టుకుని పోల్చి చూస్తే గంటలో ఈ తేడా పట్టుబడుతుంది.

తుక్కులో ఒకదానికి మాత్రం దూరంగా ఉండాలి. జింకు పూత పూసిన జీఐ పైపులు, రేకులు, బోల్టులు కొలిమిలోకి పోకూడదు. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. ఆ తెల్లటి పొగ పీల్చితే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. బోర్ల దగ్గర, పొలాల దగ్గర జీఐ పైపు ముక్కలు ఊరికే దొరుకుతాయి కాబట్టి మన దగ్గర ఈ ప్రమాదం ఎక్కువ.

బొగ్గా, గ్యాసా

సింగరేణి మన పక్కనే ఉంది కదా, బొగ్గుకు కొదవేమిటి అని చాలామంది అడుగుతారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ కొలిమికి కావాల్సిన రాక్షసి బొగ్గు వేరు. మంచి కమ్మరి బొగ్గు కాలేటప్పుడు కాస్త కరిగి ఒకదానికొకటి అంటుకుని, కోక్‌గా మారి, ఇనుము చుట్టూ గూడులా కడుతుంది. వేడి ఆ గూడులో నిలుస్తుంది. సింగరేణి బొగ్గు కోక్ కట్టే రకం కాదు, బూడిద కూడా ఎక్కువ. కరెంటు తయారీకి అది బంగారం. కొలిమిలో మాత్రం మధ్యలో చిట్టెం గడ్డలు కట్టి గాలి దారికి అడ్డుపడుతుంది, పొగ వాడకట్టంతా కమ్మేస్తుంది. ఇళ్ల మధ్య అది కుదరదు.

మొదలుపెట్టేవాళ్లకు నేను కట్టె బొగ్గే చెబుతాను. ఇస్త్రీ బండ్లకు, తందూరీ హోటళ్లకు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. సర్కారు తుమ్మ బొగ్గు గట్టిగా ఉంటుంది, బాగా కాలుతుంది. కట్టె బొగ్గులో గంధకం దాదాపు ఉండదు, పొగ తక్కువ. గాలి కొడితే ఇనుమును కాల్చేసేంత వేడి కూడా సులువుగా ఇస్తుంది. దీనికి రెండు ఇబ్బందులున్నాయి. తొందరగా అయిపోతుంది, రవ్వలు చిమ్ముతుంది. ముక్కలు కోడిగుడ్డు కంటే చిన్నగా కొట్టుకుని, అవసరమైనప్పుడే గాలి కొడితే సగం ఖర్చు తగ్గుతుంది. కరెంటు బ్లోయర్ పెట్టుకున్నవాళ్లు దాన్ని ఆపకుండా వదిలేస్తారు, ఇనుము కాలినా కాలకపోయినా బొగ్గు మాత్రం కాలిపోతూనే ఉంటుంది. చేత్తో తిప్పే బ్లోయర్‌కు ఆ గొడవ లేదు, చెయ్యి ఆగితే గాలి ఆగుతుంది.

కొలిమికి డబ్బు పెట్టాల్సిన పని లేదు. నడుం ఎత్తులో ఒక ఇనుప లేదా ఇటుకల గూడు కట్టి, పుట్టమన్ను, ఇసుక, కొంచెం ఊక కలిపి మెత్తి, పక్క నుంచి ఒక ఇనుప గొట్టం దూర్చితే చాలు. ఆ గొట్టం జీఐది కాకుండా చూసుకోండి. మధ్యలో గుంట రెండు దోసిళ్లంత. గుంట పెద్దదైతే బొగ్గు ఎక్కువ తింటుంది, పొడవైన ముక్క మొత్తం కాచినా మనం ఒకసారికి కొట్టగలిగేది జానెడే. మన్ను పూర్తిగా ఆరాక, సన్నటి మంటతో నెమ్మదిగా కాచాలి. తడి మన్ను మీద ఒకేసారి పెద్ద మంట పెడితే లోపలి నీరు ఆవిరై పెచ్చులు ఎగిరిపడతాయి.

గ్యాస్ కొలిమి శుభ్రంగా ఉంటుంది, ఇళ్ల మధ్య అదే మర్యాద. లోపల సిరామిక్ ఊలు పొర, దాని మీద తప్పకుండా వేడి తట్టుకునే సిమెంటు పూత ఉండాలి. ఆ పూత లేకపోతే ఊలు నూగు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంటి పొయ్యి రెగ్యులేటర్ ఇచ్చే ఒత్తిడి దీనికి చాలదు, హోటళ్లవాళ్లు వాడే ఎక్కువ ఒత్తిడి రెగ్యులేటర్ కావాలి. వంటింటి 14.2 కిలోల సిలిండర్‌ను వంటకు తప్ప వాడటం చట్టం ఒప్పుకోదు, 19 కిలోల కమర్షియల్ సిలిండరే తీసుకోవాలి. గంటసేపు జోరుగా నడిపితే సిలిండర్ చల్లబడి పైన చెమట పడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. అది చూసి కొందరు సిలిండర్‌ను వేడినీళ్లలో, ఇంకొందరు కొలిమి దగ్గరికి జరిపి పెడతారు. ఎప్పుడూ చేయకూడని పని అది. గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి గుంటలా ఉన్న గదిలో, మెట్లు దిగిపోయే సెల్లార్‌లో ఈ కొలిమి అసలే వద్దు.

దాగలి బరువు, అడుగుల దూరం

నిప్పుల్లోంచి తీసిన క్షణం నుంచి వేడి పారిపోతూ ఉంటుంది. ఎంత ఎక్కువ వేడి ఉంటే అంత తొందరగా పోతుంది, ఎంత పలుచగా ఉంటే అంత తొందరగా చల్లారుతుంది. కత్తి అంచులాంటి పలుచటి ముక్కకు పది పదిహేను సెకన్లు దొరికితే గొప్ప. పది అడుగులు నడిచి వెళ్లిన మిత్రుడు ఆ వేడిలో సగం దారిలోనే పోగొట్టుకునేవాడు, మిగతా సగంలో చల్లటి ఇనుమును కొట్టి చెయ్యి నొప్పి తెచ్చుకునేవాడు. కొలిమి, దాగలి, నీళ్ల తొట్టి మూడూ ఒక్క అడుగులో, నిలబడ్డచోటే తిరిగితే అందేలా ఉండాలి.

దాగలి కోసం అందరూ రైలు పట్టా ముక్క వెతుకుతారు. కాజీపేట పక్కనే ఉండటంతో ఈ కోరిక మనవాళ్లకు ఇంకా ఎక్కువ. పట్టా మంచి ఉక్కే. మన రైల్వే వాడే పట్టాలు మీటరుకు 52 కిలోలు, 60 కిలోల రకాలు, అంటే అడుగు ముక్క 16 నుంచి 18 కిలోలు తూగుతుంది. కానీ బిల్లు లేని రైల్వే సామాను ఇంట్లో ఉండటమే నేరం, దానికి 1966 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. వేలంలో కొన్న తుక్కు వ్యాపారి దగ్గర రసీదుతో తీసుకుంటేనే తీసుకోండి. దాన్ని పడుకోబెట్టి వాడితే సన్నటి నడుం దగ్గర ఊగి దెబ్బ బలాన్ని మింగేస్తుంది. నిలబెట్టి, అడ్డుకోత ముఖం మీద కొడితే మొత్తం బరువు సుత్తి కింద ఉంటుంది. కొట్టే చోటు చిన్నదే, తాత దాగలి కూడా అంతే కదా.

పట్టా దొరక్కపోతే బాధ పడక్కర్లేదు. జేసీబీ విడిభాగాల తుక్కులో నాలుగు అంగుళాల మందమున్న ఏ ఉక్కు దిమ్మ దొరికినా పనికొస్తుంది. దాన్ని తుమ్మ మొద్దులో సగం దిగేలా బిగించి, మొద్దును అడుగున్నర నేలలో పాతాలి. నిలబడి కొట్టేవాళ్లకు పిడికిలి బిగించి చెయ్యి కిందికి వదిలితే కణుపులు ఆనే ఎత్తు సరిపోతుంది. సుత్తి కిలో బరువు చాలు. బరువైన సుత్తి పట్టుకున్నవాళ్లు అలసిపోయి వంకరగా కొడతారు, ఆ వంకరలు సరిచేయడానికే మళ్లీ రెండుసార్లు కాచాల్సి వస్తుంది. పటకార్లు మాత్రం ముక్కను కదలకుండా పట్టాలి. వదులు పటకారుతో పని చేయడం కంటే పొడవైన రాడ్డును చేత్తో పట్టుకుని కొసను కొట్టడం ఎంతో మేలు. నా మొదటి నాలుగు నెలల పని అంతా అలాగే సాగింది.

ఎక్కడ పెట్టాలి

పెరట్లో మూడు వైపులా తెరిచి ఉన్న రేకుల పందిరి అన్నింటికంటే మంచిది. బొగ్గు కాలేచోట వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మూసిన గదిలో అది మనిషిని నిద్రపుచ్చి చంపుతుంది. అలాగని ఎండలో పెట్టినా కుదరదు. ఎండలో బాగా కాగిన ఇనుము రంగు కూడా మసకగానే కనిపిస్తుంది, రంగు తెలియక కాల్చేసుకుంటాం. కాబట్టి నీడ, గాలి రెండూ కావాలి. తూర్పు వైపు ఒక తెర కట్టుకుంటే పొద్దుటి ఎండ అడ్డురాదు.

నేల మట్టిదో, బండలదో అయితే మంచిది. సిమెంటు నేల మీద ఎర్రటి ఇనుము పడితే లోపలి తేమ ఆవిరై పెచ్చు ఠప్పుమని లేస్తుంది. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పెట్టుకోవచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు వద్దనే. నిప్పురవ్వలు, బరువు, కింది ఇంటి కప్పు మీద దెబ్బల మోత, మూడూ అక్కడ సమస్యే. పక్కింటివాళ్లతో ముందే మాట్లాడండి. దాగలి గణగణమని మోగితే కింద మందపాటి ఇసుక పొర, పక్కన ఒక పెద్ద అయస్కాంతం పెడితే మోత బాగా తగ్గుతుంది. మా పక్కింటి పెద్దమ్మ పత్తి చేను గుంటుకకు పాస సరిచేయించుకున్నాక ఎప్పుడూ మాట అనలేదు.

వేసవిలో మన వరంగల్ 43, 44 డిగ్రీలు చూస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదిలోపు ఆపేస్తాను. తల తిరిగినా, చెమట ఆగిపోయినా వెంటనే సుత్తి కింద పెట్టాలి. ఉప్పేసిన మజ్జిగ చెంబు పందిరి కిందే ఉంచుకోండి.

కరెంటు మిషన్లు

కొలిమి పక్కన గ్రైండర్, డ్రిల్లింగ్ మిషన్, బెంచ్ వైస్, చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ ఉంటే ఇంటి వర్క్‌షాప్ దాదాపు పూర్తయినట్టే. మొదట కొనాల్సింది వైస్, బరువైనది. వెల్డింగ్ మిషన్ కొనేముందు మీ కరెంటు బిల్లు తీసి కాంట్రాక్టెడ్ లోడ్ (మీ ఇంటికి మంజూరైన కరెంటు) ఎంతో చూడండి. 2.5 మిల్లీమీటర్ల రాడ్డుకు 80 ఆంపియర్లు పెడితే ఆర్క్ దగ్గరే దాదాపు రెండు కిలోవాట్లు, మిషన్ నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ. ఒక కిలోవాట్ లోడ్ ఉన్న పాత ఇంట్లో పాత వైరుతో నడిపితే వేడి పుట్టేది గోడలోని వైరులో. లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టి, విడిగా ఒక లైను, లోడ్ మించితే కరెంటు ఆపేసే ఎంసీబీ, ఎర్తింగ్ వేయించుకోవాలి.

గ్రైండర్ దగ్గర వేడి ఇంకో రకంగా దెబ్బ తీస్తుంది. పదును పట్టిన కత్తి అంచును ఆత్రంగా సాన పడితే అంచు నీలం రంగుకు తిరుగుతుంది. ఆ నీలం వచ్చిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. వట్టి చేతులతో కత్తిని పట్టుకుని, చెయ్యి కాలగానే నీళ్లలో ముంచుతూ పని చేయాలి. గ్రైండర్ గార్డు మన వెల్డింగ్ షాపుల్లో చాలాచోట్ల ఊడదీసి పక్కన పడేస్తారు. నిమిషానికి 11,000 సార్లు తిరిగే డిస్క్ పగిలితే ముక్కలు మొహం మీదికే వస్తాయి. గార్డు తీయకండి. డిస్క్ నడిమి ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంటుంది, అదీ చూడండి.

నీళ్లా, నూనెనా

నా మొదటి కత్తి కమాన్ పట్టీది. రెండు ఆదివారాలు కొట్టి, ఆకురాయితో రుద్ది, ఎర్రగా కాచి నీళ్లలో ముంచాను. టక్‌మని చిన్న చప్పుడు. తీసి చూస్తే వెన్ను నుంచి అంచు దాకా వెంట్రుకంత చీలిక. నీళ్లు వేడిని చాలా వేగంగా లాగేస్తాయి. పైపొర బిగుసుకుపోయి, లోపల ఇంకా వేడిగా ఉండి, ఆ లాగుడులో ఉక్కు చీలిపోయింది. కమాన్ పట్టీ ఉక్కుకు నూనె చాలు. పల్లి నూనెను 50, 60 డిగ్రీలకు కాస్త వెచ్చబెట్టి వాడతాను. వెచ్చటి నూనె పలుచబడి ఇనుము చుట్టూ బాగా తిరుగుతుంది. పాత ఇంజిన్ ఆయిల్ వాడకండి, ఆ పొగ మంచిది కాదు.

నూనె ఇనుప డబ్బాలోనే ఉండాలి, దానికి సరిపడే ఇనుప మూత చేతికందేలా ఉండాలి. కత్తిని ఒక్క ఊపులో పూర్తిగా ముంచాలి, సగం ముంచి ఆగితే నూనె పైన మంట లేస్తుంది. లేస్తే మూత పెట్టండి. నీళ్లు పోశారో, కాగే నూనె మంటతో సహా చిమ్ముతుంది.

ముంచి తీసిన కత్తి మీద ఆకురాయి పాకితే, అంటే పట్టు దొరక్క జారితే, గట్టిపడినట్టు. ఆ స్థితిలో అది కిందపడితే రెండు ముక్కలవుతుంది, కాబట్టి ఆలస్యం చేయకుండా కేకులు చేసే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు ఉంచండి. ఓవెన్ లేకపోతే రంగులే దారి. కత్తిని మెరిసేలా రుద్ది వెన్ను వైపు నుంచి మెల్లగా కాస్తే మెరుపు మీద రంగులు పాకుతూ వస్తాయి. మొదట ఎండుగడ్డి పసుపు, అది 220 దగ్గర. తర్వాత గోధుమ రంగు, 280 దగ్గర నేరేడు పండు, 300 దగ్గర నెమలి కంఠం నీలం. కూరగాయల కత్తికి ఎండుగడ్డి దగ్గర ఆపాలి. దెబ్బలు తినే ఉలికి, గొడ్డలికి నేరేడు రంగు దాకా పోనివ్వాలి. పరకాల తాత రాయి కొట్టే ఉలులను మొనను ముంచి, వెనక మిగిలిన వేడి మొన వైపు పాకుతుంటే ఆ రంగు చూసి మళ్లీ ముంచుతాడు. మొత్తం పని నిమిషంలో అయిపోతుంది, ఓవెన్ అక్కర్లేదు.

కత్తులు చేసేవాళ్లు చట్టం కూడా తెలుసుకోవాలి. తొమ్మిది అంగుళాల కంటే పొడవు లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల నిబంధనల కిందికి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు ఉద్దేశించిన వాటికి మినహాయింపు ఉంది. కొడవలి, గొడ్డలి, కత్తిపీట చేయండి. అలంకారం కోసమైనా తల్వార్లు, బాకుల జోలికి పోకండి.

ఒంటికి తగిలే వేడి

ఎర్రటి ఇనుమును ఎవరూ పట్టుకోరు. ఎప్పుడూ కాలేది నల్లటి ఇనుముతోనే. 400 డిగ్రీల ముక్క చూడటానికి చల్లటి ముక్కలాగే ఉంటుంది. ఎవరు ఏ ముక్క ఎత్తినా ముందు చేతి వెనక భాగాన్ని దగ్గరగా పెట్టి సెగ చూడటం మా పందిరి కింద నియమం. పిల్లలు వస్తే దాగలి చుట్టూ సుద్దతో గీత గీస్తాను, గీత దాటకూడదు.

నూలు బట్టలు, తోలు బూట్లు, కళ్లద్దాలు. పాలిస్టర్ షర్టు రవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ప్యాంటు కింది మడత విప్పేయండి, రవ్వలు అందులోనే చేరతాయి. డ్రిల్లింగ్ మిషన్ దగ్గర గ్లవ్స్ వేసుకోవద్దు, తిరిగే బిట్ గుడ్డను పట్టుకుని చేతినే లాక్కుంటుంది. ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక పక్కనే ఉండాలి. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి. పేస్టు, పసుపు, సిరా పూయకండి.

ఈ ఆదివారమే మొదలుపెట్టాలనుకుంటే కావాల్సింది కొంచెమే. మట్టి కొలిమి, ఐదు కిలోల కట్టె బొగ్గు, బ్లోయర్, కిలో సుత్తి, ఏదో ఒక ఉక్కు దిమ్మ, మూడడుగుల పది మిల్లీమీటర్ల ఎంఎస్ రాడ్డు. కొసను మోదుగు పువ్వు రంగుకు కాచండి, నాలుగు పలకలుగా కొడుతూ సన్నబరచండి, తర్వాత ఎనిమిది పలకలు, తర్వాత గుండ్రం. రంగు దిగగానే మళ్లీ నిప్పుల్లో పెట్టండి. సన్నటి కొసను దాగలి అంచు మీద వంచితే కొక్కెం అవుతుంది. నా మొదటి కొక్కెం వంకరగా వచ్చింది, తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మరోసారి కాచి రెండు దెబ్బల్లో సరిచేసి ఇచ్చాడు. ఇప్పుడు దానికి మా వంటింట్లో ఉల్లిగడ్డల బుట్ట వేలాడుతోంది.